ఆకు వాడేదాకా

గొందివలస,
12 నవంబరు 1926

భీముడు మామకి కోడలు రత్న రాసుకుంటున్నది.

నువ్వు పలక మీద దిద్దించిన అక్షరాలు ఇంకా వంకర పోలేదని చూసుకో. అమ్మ బాగుంది. వలిస చేలు విరగబూసి కొండవారంతా పసుపు ఆరబోసినట్టుంది. సామలు కోసి కుప్ప వేశాం. కోత మధ్యలో నాకు ఆ పాత నొప్పే వచ్చింది. మోకాళ్ళూ మోచేతులూ నాలుగు రోజులు నన్ను కదలనివ్వలేదు, కళ్ళు పచ్చబడ్డాయి. తర్వాత దానంతటదే పోయింది. చిన్నప్పటి నుంచీ దాని రాకపోకలు నీకు తెలిసినవే కదా. ఈ ఉత్తరం దానికోసం కాదు.

మెట్టగరువు నుంచి మంగ్లు వాళ్ళు నన్ను అడగడానికి వచ్చారు. జీలుగు కల్లు కుండ గుమ్మంలో పెట్టి, మన చూరులో బాణం గుచ్చి వెళ్ళారు. పట్నంలో నాలుగేళ్ళుగా ఉంటున్నావు, మన పద్ధతి మరిచిపోయి ఉంటావేమోనని గుర్తు చేస్తున్నాను. బాణం లాగి వాకిట్లో పారేస్తే పిల్లను ఇవ్వనన్నట్టు. పిల్ల మేనమామ తన చేత్తో తీసి పిల్లకిస్తే సరేనన్నట్టు. ఆ చెయ్యి వచ్చేదాకా బాణం అక్కడే ఉంటుంది. వంగి లోపలికి వెళ్ళినప్పుడల్లా దాని ఈకలు నా తలకి తగులుతున్నాయి. నాకు మంగ్లు ఇష్టమే. ఈ మాట అమ్మ రాయొద్దంది, నేను రాశాను.

ఇంకొకటి. పెదబయలు సంతకి జ్వరాలు చూసే ఆసుపత్రి మనుషులు వచ్చి అందరి వేళ్ళూ పొడిచారు. ఒక కాంపౌండరు నా గుండె మీద గొట్టం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తుందని అడిగాడు. ఎక్కుడు దారైతే సగం ఆకు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. పచ్చి కొమ్మ విరిచి పట్టుకుని బయల్దేరితే దాని ఆకు వాడేసరికి ఎంత దూరం పోతామో అంత అని చెప్పాను. నవ్వుకుంటూ ఇంగ్లీషులో చీటీ రాసిచ్చాడు. దాన్ని ఇందులో పెట్టాను. చదివి ఏముందో రాయి.

కనక అత్తకి దండాలు. బేగి వచ్చి బాణం తియ్యి.

నీ కోడలు రత్న

*

విశాఖపట్నం,
25 నవంబరు 1926

రత్నకి మామ భీముడు దీవించి రాస్తున్నది.

ఉత్తరమూ చీటీ అందాయి. నీ అక్షరాలు బాగానే ఉన్నాయి, మాటలకే పొగరు ఎక్కువైంది. ఆసుపత్రిలో నాకిప్పుడు ఉద్యోగం పెంచారు. జ్వరాల పరీక్ష గదిలో రక్తం పూసిన గాజు బిళ్ళలకి రంగు పోసి ఆరబెట్టే పని నాదే. డాక్టరు వరహాలరావుగారు వాటిని భూతద్దపు యంత్రంలో చూస్తారు. నేను రంగు పోయకపోతే ఆయనకి కనిపించేది ఏమీ లేదు.

ఇక అసలు సంగతి. బాణం అక్కడే ఉండనీ. ఎవరూ తియ్యొద్దు, పారెయ్యొద్దు. పెళ్ళి మాట మాత్రం ఇప్పుడు వద్దు. మెట్టగరువు మరీ ఎత్తు. నీళ్ళకి లోయలోకి దిగాలి, కుండతో మళ్ళీ ఎక్కాలి. ఆ ఊరు నీకు వద్దు. అక్కని తీసుకుని ఇక్కడికి రా. ఇక్కడ ఒక మంచం చూస్తాను. ఏడాదిపాటు దాని మీద పడుకుని ఉండాలి. ఎందుకని నన్ను అడగొద్దు. పెద్దవాణ్ణి చెప్తున్నాను.

ఇకముందు దూరాన్ని మైళ్ళలో చెప్పు. ఆకులూ కొమ్మలూ అంటే ఇక్కడ నా పరువు పోతుంది.

మీ అత్త ఎండుచేపలు పంపుతానంటోంది. నువ్వే వస్తున్నావు కాబట్టి పంపడం లేదు.

నీ మేలు కోరే మామ,
భీముడు

*

గొందివలస,
10 డిసెంబరు 1926

మామకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మకి ఒక్కసారే చదివి వినిపించాను, అదీ సగమే.

నీ మనసులో ఏముందో నాకు తెలిసింది. పదేళ్ళ కిందట చైత్రంలో ఇటుకల పండగ వేటలో నువ్వు కొట్టిన జింకని మంగ్లు వాళ్ళ నాన్న తన బాణానికే పడిందన్నాడు. ఊరందరి ముందూ పంపకంలో, కొట్టినవాడికి దక్కే తల నీకు రాకుండా చేశాడు. ఆ కోపం ఇంకా పెట్టుకున్నావు. ఆ మనిషి పోయి మూడేళ్ళయింది. జింక పోయి పదేళ్ళయింది. ఆ కోపానికి నన్ను ఏడాది మంచమెక్కమంటావా? నేనేమన్నా బాలింతనా, ముసలిదాన్నా? మంచం మీద పడుకుంటే మా చోళ్ళు ఎవరు నూరుస్తారు?

మంగ్లు సంతలో కనిపించి, "ఏటి రాసినాడు మీ మామ?" అని అడిగాడు. ఏం చెప్పను? "రాస్తన్నాడు" అన్నాను. "బేగి రాయమను, మా అమ్మ రోజూ దారికేసి సూత్తంది" అన్నాడు. వాళ్ళమ్మ దేముడమ్మ కోపిష్ఠి, నీకు తెలుసు. నాకు మాత్రం అత్తగా నచ్చింది. మనసులో ఉన్నది మొహం మీదే అనేస్తుంది.

ఇంకో తంటా వచ్చింది. మన ఇంటి కప్పు పాడైంది. ఈ ఏడు గడ్డి కప్పకపోతే వానలకి తడుస్తాం. పాత గడ్డి అంతా లాగితే బాణం కదులుతుంది. కదిలితే తీసి పారేసినట్టే. అందుకని అమ్మ కప్పంతా కొత్త బోదగడ్డి వేయించి, బాణం చుట్టూ చాటంత మేర పాత గడ్డి అలాగే ఉంచింది. పైన మంచు పడకుండా దాని మీదికి కొత్త గడ్డి వంచి కట్టింది. ఇల్లు నీ చెయ్యి కోసం ఎదురు చూస్తోంది. నేను రాను.

రత్న

*

విశాఖపట్నం,
22 డిసెంబరు 1926

అమ్మా రత్నా,

జింక నేను కొట్టిందే. అది వేరే సంగతి. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

నిజం కాగితం మీద పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను, అక్క దగ్గర కూర్చుని చదువు. ఆ చీటీలో రెండు ముక్కలున్నాయి. నీ గుండె ఉండవలసినదాని కంటే పెద్దదైందట. కొట్టుకునే చప్పుడుతోపాటు ఊదినట్టు ఇంకో చప్పుడు కూడా వినిపించిందట. నేను వార్డులో పనిచేసినప్పుడు నీ వయసువాడే అప్పారావు అని ఒకడుండేవాడు. వాడికీ కీళ్ళనొప్పులే, వాడి గుండెలోనూ అదే చప్పుడు. కీళ్ళ జ్వరం గుండెకి పట్టింది, లోపలి తలుపులు చెడిపోయాయి, కదలకుండా పడుకోవాలి అన్నారు. వాడు కదిలాడు. రెండు నెలలకి పోయాడు. వాడి మంచం నేనే కడిగాను.

నీ చీటీ చదివాక నాకు వాడే కనిపించాడు. అందుకే మంచం అన్నాను. నీకు భయం పెట్టకూడదని కారణం దాచాను. దాస్తే నువ్వు జింకను తవ్వి తీస్తావని నాకేం తెలుసు?

నిన్న ధైర్యం చేసి చీటీ డాక్టరుగారికి చూపించాను. నీ సంగతంతా అడిగారు. నొప్పి ఎప్పటినుంచి, జ్వరంతో వస్తుందా, కళ్ళు పచ్చబడటం ఎప్పుడు మొదలు అని. ఏళ్ళుగా వస్తూ పోతూ ఉందని చెప్పగానే కలం పక్కన పెట్టి నావైపు చూశారు. "మరి నువ్వెలా తేల్చావురా భీముడూ, గుండె తలుపులే చెడ్డాయని? నువ్వు విన్నావా?" అన్నారు. ఆయన జనవరిలో పెదబయలు సంతకి వస్తున్నారు. నువ్వు తప్పకుండా కనిపించు. అప్పటిదాకా బరువు మొయ్యకు, పరుగెత్తకు, చలిలో తిరగకు. ఇది బతిమాలి అడుగుతున్నాను. పెద్దరికం కాదు.

మంగ్లుకి కూడా చెప్పు. చెప్పకుండా పెళ్ళి చేస్తే నా చెయ్యి ఆ బాణం మీదికి రాదు.

మామ

*

గొందివలస,
28 జనవరి 1927

మామకి దండాలు.

ముందు క్షమించమని అడుగుతున్నాను. జింక మాట వెనక్కి తీసుకున్నాను. కొట్టింది నువ్వేనని ఊరందరికీ చెప్తాను. మంగ్లు వాళ్ళకి మాత్రం చెప్పను.

నీ ఉత్తరం చదివాక అమ్మ, "గుంటకేటయ్యిందో అంతా రాసినాడా, దాసినాడా?" అని నన్నే అడిగింది. అంతా రాశాడని చెప్పాను. ఆ పూట ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చున్నాం గానీ వండుకోలేదు. నాకు చావు భయం కంటే నీ వార్డులోని మంచం భయం ఎక్కువ పట్టుకుంది. ఆ మంచం మీద అప్పారావు బదులు నన్ను పెట్టుకుని చూశాను. అక్కడి నుంచి కొండ కనిపించదు కదా.

సంతలో డాక్టరుగారిని చూశాను. పొట్టి మనిషి, చలికి రెండు కోట్లు తొడుక్కున్నారు. గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. కూర్చోబెట్టి విన్నారు, పడుకోబెట్టి విన్నారు, పది అడుగులు నడిపించి విన్నారు. తర్వాత వేలు పొడిచి ఒక చుక్క గాజు మీద వేశారు. నువ్వు చెప్పినట్టు రంగు పొయ్యలేదు, ఆరనివ్వలేదు. పైన పల్చటి గాజు పెట్టి, గాలి పోకుండా అంచులకి ఏదో నూనెముద్ద పూసి పక్కన పెట్టారు. మర్నాడు పొద్దున రమ్మన్నారు. మేం సంతలోనే తవిటమ్మ వాళ్ళ పాకలో ఉండి మర్నాడు వెళ్ళాం. ఆయన ముందుగా చూసి, నన్ను కూడా చూడమన్నారు.

మామా, నీ యంత్రంలోంచి నా రక్తం నేను చూశాను. కొన్ని గుండ్రంగా ఉన్నాయి. మిగిలినవి వంగి, రెండు కొసలూ సూదిగా, అచ్చం సామ కోసే కొడవళ్ళలా ఉన్నాయి. నేను పుట్టినప్పటి నుంచీ అవే మోస్తున్నానట. ఇలాంటిది సముద్రం అవతలి వైద్యుల పత్రికలో ఒకసారి చదివానని, తాను చూడటం ఇదే మొదలని, ఇది అదేనని ఖాయంగా చెప్పలేనని అన్నారు. గుండె తలుపులు మాత్రం చెడలేదన్నారు. అమ్మకి అర్థం కావాలని ఇలా చెప్పారు: "పది మంది కావడివాళ్ళు మొయ్యవలసిన సామాను ఐదుగురే మోస్తే ఏంచేస్తారు? రెండేసి సార్లు తిరుగుతారు. ఈ పిల్ల రక్తంలో మోసేవాళ్ళు తక్కువ. అందుకని గుండె వాళ్ళని గబగబా తిప్పుతోంది. అంత పని చేసి చేసి పెద్దదైంది. ఆ ఊదే చప్పుడు పరుగుదే."

మంచం ఎక్కనక్కర్లేదట. నడవొచ్చు, పని చేసుకోవచ్చు. ఆయాసం వచ్చాక కాదు, రాకముందే కూర్చోవాలి. బరువుతో ఎక్కకూడదు. చలికీ జ్వరానికీ దూరంగా ఉండాలి. కాన్పు అంటూ వస్తే ఏడో నెలకే పట్నం దిగాలి. దీనికి మందు లేదన్నారు. ఎన్నాళ్ళు ఉంటానని అడిగాను. "తెలీదమ్మా. తెలిసినట్టు చెప్పను" అన్నారు. ఆ మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఇంత మంచి కబురు తెచ్చుకుని ఇంటికొస్తే, ఇక్కడ బాగోలేదు. నువ్వు చెప్పినట్టే మంగ్లుకి ప్రతి ముక్కా చెప్పాను. అంతా విని, "నీల్లు మొయ్యొద్దన్నాడా?" అని ఒక్కటే అడిగాడు. కుండతో ఎక్కొద్దన్నాడని చెప్పాను. అంబలి పోస్తున్నాను, తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు. మూడు వారాలైంది. సంతకీ రాలేదు. వాళ్ళ ఊరి మనిషి ఒకామె మన కొత్త కప్పు చూసి, గొందివలసవాళ్ళు బాణం పీకేశారని అక్కడ చెప్పిందట. అమ్మ వంచి కట్టిన గడ్డి కింద అది ఎవరికీ కనపడటం లేదు. మనిషిని పంపి చెప్పిద్దామని అమ్మ అంటోంది. నేనే వద్దన్నాను. నా గుండె సంగతి విని వద్దనుకుంటే, ఆ అబద్ధం వాళ్ళకి మర్యాదగా తప్పుకునే దారి అవుతుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

రత్న

*

విశాఖపట్నం,
11 ఫిబ్రవరి 1927

రత్నా,

డాక్టరుగారు తిరిగొచ్చి నన్ను గదిలోకి పిలిచి ఇంకో గాజు చూపించారు. అదీ నీ చుక్కే, మొదటి సంతలో కాంపౌండరు వచ్చినప్పుడు తీసి ఎండబెట్టినది, అందులో కొడవళ్ళు వెతికితే ఒకటో రెండో. నేను రంగు పోసి వేల బిళ్ళలు ఆరబెట్టాను, ఒక్కటీ తడిగా ఉంచి మర్నాడు చూద్దామని అనుకోలేదు. ఉద్యోగం నాకేం నేర్పిందో తెలిసింది. నీకు ఏడాది మంచం రాసిన వైద్యుణ్ణి నేనే. ఆ వైద్యుడు తప్పు ఒప్పుకుంటున్నాడు.

నీ గుండె గురించి నాకు పొద్దస్తమానం బాధగా ఉండేది, అది చెడిపోతోందని. అది చెడిపోలేదు, చాకిరీ చేస్తోంది. ఆ మాట వినగానే మీ అత్త ముందే ఏడ్చేశాను. మీ అత్త చేపల పులుసు పెట్టి నన్ను ఊరుకోబెట్టింది.

మంగ్లు సంగతి. ఆ అబద్ధాన్ని అలా వదలొద్దు. మనిషి మాట్లాడకుండా లేచి వెళ్ళాడంటే వద్దన్నాడని నువ్వే తేల్చేశావు. గొట్టం పెట్టి విన్నావా? ఈ తెగులు మన ఇంట్లో నా దగ్గరే మొదలైంది, నీతో ఆగాలి. అక్క స్వయంగా వెళ్ళి, లేదా దేముడమ్మని పిలిచి, గడ్డి ఎత్తి చూపించాలి. ఆ తర్వాత వాళ్ళు వద్దంటే వద్దననీ.

వద్దనకపోతే ఏంచెయ్యాలో కూడా చెప్తాను. నాకు సెలవు లేదు. జాతరల రోజులు, కలరా భయం, ఒక్కరినీ కదలనివ్వడం లేదు. వైశాఖం దాకా రాలేను. అందుకని నా చెయ్యి పంపుతున్నాను. మడత విప్పి చూడు. గాజులకి పోసే ఊదారంగులో కుడి అరచెయ్యి ముంచి ఈ కాగితం మీద అద్దాను. రాయడం రానివాళ్ళ వేలిముద్ర ఇక్కడ సంతకం కింద చెల్లుతుంది. ఒక్క వేలే చెల్లినప్పుడు అయిదు వేళ్ళూ గొందివలసలో చెల్లవా? కాగితం బాణం చుట్టూ చుట్టి లాగమని అక్కతో చెప్పు. ముహూర్తాలు పెట్టే దిసారి పోతురాజు తగువు పెడితే, నా చిటికెన వేలి కొస చిన్నప్పుడు వాళ్ళ కొడవలికే తెగింది, ముద్రలో చూసి పోల్చుకోమను.

రంగు ఇంకా వదల్లేదు. డాక్టరుగారు నా చెయ్యి చూసి ఏమిటని అడిగారు. పెళ్ళి పని అన్నాను.

మామ భీముడు

*

మెట్టగరువు,
17 ఏప్రిల్ 1927

మామకి,

పైన ఊరి పేరు చూశావు కదా. ఇక తీరిగ్గా చదువు.

నీ ఉత్తరం వచ్చేలోపే దేముడమ్మ అత్త మన వాకిట్లోకి వచ్చేసింది. "బానం పీకేసినోల్లు కుండెందుకు ఉంచుకున్నారు? మా కుండ మాకిచ్చీండి" అంది. అమ్మ వంచి కట్టిన గడ్డి ఎత్తింది. ఆవిడ ఈకలు చూసింది, చుట్టూ ఉన్న పాత గడ్డి చూసింది, అక్కడే అరుగు మీద కూలబడి నవ్వింది. "ఇంటికి మాసికేసి మరీ దాసినావేటే సోములమ్మా" అని, అడిగిన కుండలోనే అంబలి పోయించుకు తాగింది.

మంగ్లు ఏడని అడిగాను. అతనికి బాణం పుకారు తెలియనే తెలియదు. ఆ రోజు మన ఇంట్లోంచి లేచి నేరుగా గెడ్డలోకి దిగాడట. కల్లు ఆగిపోయిన జీలుగు చెట్లు పదకొండు కొట్టి, మధ్యలో తొలిచి దోనెలు చేశాడు. ఊరికి పైన పక్క చరియలో ఒక ఊట ఉంది. అక్కడి నుంచి కొసకి కొస కలుపుతూ వాళ్ళ పెరటిదాకా నీళ్ళు తెచ్చాడు. తర్వాత కనిపించినప్పుడు, "నీల్లే దిగొత్తే నువ్వు దిగక్కర్లేదు గదా" అన్నాడు. చెప్పి వెళ్ళొచ్చు కదా అన్నాను. "పారతాదో లేదో తెలీకుండా ఏటి సెప్పేది?" అన్నాడు. ఇప్పుడు ఊరి ఆడవాళ్ళందరూ మా పెరట్లోనే నీళ్ళు పట్టుకుంటున్నారు. నాకు కబుర్లకి కొదవ లేదు.

నీ చెయ్యి చెల్లింది. పోతురాజు కాగితం అటూ ఇటూ తిప్పి, ఇది కుడిదా ఎడమదా అని కొంచెం తగువు పెట్టాడు. తెగిన చిటికెన వేలు చూపిస్తే తలొంచుకున్నాడు. అమ్మ కాగితం చుట్టి బాణం లాగి నాకిచ్చింది. నీ ఊదారంగు ఈకలకి కొంచెం అంటింది. ఈ ఇంట్లో గోడకి పెట్టుకున్నాను.

పెళ్ళి ఇటుకల పండగ వెళ్ళిన నాలుగో రోజున అయింది. పెళ్ళికూతురు అత్తవారి ఊరికి తన కాళ్ళతోనే ఎక్కాలి, ఎవరూ మొయ్యకూడదు కదా. అదే అమ్మ దిగులు. మెట్టగరువు మనకి మూడు ఆకుల దూరం, అంతా ఎక్కుడే. కిందనే దేముడమ్మ అత్త నేరేడు కొమ్మ ఒకటి విరిచింది. సగం వాడగానే ఆగాలని అందరికీ గట్టిగా చెప్పింది. డప్పులవాళ్ళ ముందు తనే ఆ కొమ్మ పట్టుకుని నడిచింది. ఆకు మెత్తబడగానే చెయ్యెత్తేది. డప్పులు ఆగేవి, ఊరంతా రాళ్ళ మీద కూర్చునేది. నాకు ఆయాసం ఉందా లేదా అని ఒక్కరూ నన్ను అడగలేదు. అందరూ కొమ్మకేసే చూశారు. కొత్త కొమ్మ విరిచి మళ్ళీ లేచేవాళ్ళం. మధ్యాహ్నానికి చేరవలసినవాళ్ళం పొద్దు వాలేసరికి చేరాం. అన్నం చల్లారిపోయింది, మాంసం మాత్రం బాగుంది.

నీకు చెప్పవలసింది ఇది. పైకి చేరాక మంగ్లు నా పక్కన కూర్చుని రొప్పుతున్నాడు. దారంతా మా సామాను కావడి అతనే మోశాడు. నేను వెదురు గొట్టం ముక్క తీసి, డాక్టరుగారిలాగా అతని గుండె మీద పెట్టి విన్నాను. దబదబా కొట్టుకుంటోంది, మధ్యలో ఊదినట్టుగా కూడా ఉంది. భయపడి నాది విని చెప్పమన్నాను. అతను విని, "రెండూ ఒకనాగే ఉన్నాయి" అన్నాడు. కాసేపు కూర్చున్నాం. మళ్ళీ విన్నాను. అతనిది నెమ్మదించింది. నాది అలాగే ఉంది.

అప్పుడు నాకు తెలిసింది మామా. కావడితో కొండెక్కినప్పుడు మంగ్లు గుండె ఎలా ఉంటుందో, నాది ఎప్పుడూ అలాగే ఉంటుంది. నేను కూర్చున్నా, పడుకున్నా అది ఎక్కుతూనే ఉంది. పంతొమ్మిదేళ్ళుగా నన్ను మోసుకుని ఎక్కుతోంది, ఒక్కసారీ దింపలేదు. ఇన్నాళ్ళూ దాన్ని జబ్బుది అనుకున్నాం. నాకు దాని మీద ప్రేమ పుట్టింది.

ఆ మాట మంగ్లుతో అన్నాను. అతను లేచి వెళ్ళి ఒక పచ్చి కొమ్మ విరిచి తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి, "అయితే ఇది వాడేదాకా కూకుందారి" అన్నాడు. ఊళ్ళోవాళ్ళు అన్నానికి పిలుస్తున్నా లేవలేదు, కూర్చున్నాం.

నీ కోడలు,
రత్న